గాలాడే హెడ్‌ఫోన్స్

ఆ రోజు ఉదయం అల్లుడుగారు వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. కాఫీ తాగడం, దారిలో మంచి హెడ్‌ఫోన్స్ కొనడం, నీటి సరఫరా ఆఫీసులో రిటైరవుతున్న మామగారి వీడ్కోలు ప్రసంగాన్ని వీడియో తీయడం, ఇన్నాళ్ల అవమానాన్ని కడిగేసుకోవడం.

అవమానం చిన్నదేం కాదు. అంతకుముందు మరదలి పాటల పోటీని మొదటి నుంచి చివరిదాకా తీశాడు. బొమ్మ బ్రహ్మాండం, శబ్దం సున్నా. ఆ పిల్ల ఊరికే నోరు తెరుస్తూ మూస్తూ ఉన్న వీడియో చూసినప్పటి నుంచి మామగారు అతణ్ణి ‘మూకీ అల్లుడు’ అంటున్నారు. అదీ నలుగురిలో! స్టూడియో పెట్టుకుని బతికే మనిషికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి? ఈసారి కూడా తేడా వస్తే ఇక ఆ ఇంటి గడప తొక్కనని భార్య దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు.

“వీడియోకైతే చెవుల్ని పూర్తిగా మూసేసే రకం తీసుకోండి సార్,” అన్నాడు కొట్టాయన. “బయటి శబ్దం లోపలికి రాకూడదు. కెమెరాలోంచి వచ్చేదే వినపడాలి.”

అల్లుడుగారికి ఒళ్లు మండింది. “శబ్దం వినడానికి కొంటుంటే శబ్దం రానివ్వనివి అంటగడతారేంటండీ?”

పక్కనే చెవి మూతలకు జాలీ ఉన్న రకం కనిపించింది. పెట్టుకుని చూశాడు. చెవులకు గాలి ఆడుతోంది, చెమట పట్టడం లేదు, వీధి చివర బస్సు హారన్ కూడా స్పష్టంగా వినపడుతోంది. “ఇదీ సరుకంటే!” అన్నాడు.

“ఆయన చెప్పేది కాస్త వినండి,” అని వెంట వచ్చిన భార్య గొణిగింది.

“చెవులెవరివి? నావి!”

ఆఫీసు హాల్లో ఆ కొత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మామగారి కాలరుకు చిన్న మైకు తగిలించి, దాని స్విచ్ వేయబోతుండగా పైనున్న ఫ్యాను కిర్రుమంది. ఆ కిర్రు జాలీలోంచి నేరుగా చెవిలో పడింది. అతడికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్విచ్ సంగతి మరిచిపోయి, “ఎవరండీ ఆ ఫ్యాను వేసింది? ఆపండి!” అని అరిచాడు.

ఫ్యాను ఆగింది. జనం కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. “ఆ కాగితాల గోలేంటి?” కాగితాలూ ఆగాయి. ఒకాయన దగ్గాడు. “దగ్గేవాళ్లు బయటికెళ్లి దగ్గండి!” భారీకాయుడైన అకౌంటెంటుగారి కుర్చీ మూలిగింది. “మీరూ దయచేయండి సార్.”

“ఇది మా ఆఫీసయ్యా!” అన్నాడు అకౌంటెంటు, ముఖం కందగడ్డ చేసుకుని.

“ఆఫీసు మీదే. శబ్దం నాది!”

అకౌంటెంటు విసురుగా లేచాడు. ఆయన వెనకే ఆఫీసంతా లేచి వరండాలో పెట్టిన కాఫీల దగ్గరికి పోయింది. లోపల మిగిలిన శ్రోత ఒక్కడే, కూర్చున్న చోటే నిద్రపోయిన పెద్ద ఇంజనీరు.

మామగారు ఖాళీ కుర్చీలతోనే మాట్లాడారు. మూడో నంబరు పంపు ప్రస్తావన వచ్చేసరికి ఆయన జేబురుమాలు తీశారు. “ఎంత వేడెక్కినా నన్ను వదిలిపెట్టలేదు. ఎండాకాలంలో కూడా ఒక్కరోజు ఆగలేదు,” అంటూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత వాల్వులు, ఆ తర్వాత మీటర్లు. మోకాళ్ల నొప్పితో ఇంట్లో ఉండిపోయిన అత్తగారి ఊసే రాలేదు. “నా గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పండి,” అని ఆవిడ పొద్దున గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి మరీ చెప్పింది, పాపం.

“వచ్చిందా అల్లుడూ?” అన్నారు మామగారు.

“గంట కొట్టినట్టు వినపడింది మావయ్యగారూ!”

సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద మామగారు నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు. అంతే. అల్లుడు వైర్లు పీకాడు, పెట్టాడు, టీవీని తిట్టాడు, కొట్టాయన్ని తిట్టాడు.

“ఏమండీ, మైకు వేస్తే పచ్చ లైటు వెలుగుతుందన్నారు. నాన్న కాలరు దగ్గర లైటేదీ?” అంది భార్య.

అల్లుడికి అప్పుడు వెలిగింది. జాలీలోంచి తాను విన్నది గదిని, కెమెరాను కాదు.

“ఓరి మూకీ...” అని మామగారు లేవబోయారు.

“ఉండండి,” అంది అత్తగారు. “అక్కడ కళ్లు తుడుచుకుంటున్నారెందుకు? నా గురించి ఏం చెప్పారు?”

మామగారి ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆలోచించి, రెట్టింపు కోపంతో అల్లుడి మీదికి తిరిగారు. “అది నీ గురించి చెప్పినప్పుడే! అంత బాగా మాట్లాడితే ఈ మహానుభావుడు ఒక్క ముక్క మిగల్చలేదు. నమ్మకపోతే అతణ్ణే అడుగు. చెవులకు తగిలించుకుని మరీ విన్నాడు!”

అల్లుడు అందుకున్నాడు. “అవునత్తయ్యగారూ. ‘ఎంత వేడెక్కినా నన్ను వదిలిపెట్టలేదు, ఎండాకాలంలో కూడా ఒక్కరోజు ఆగలేదు’ అన్నారు. కన్నీళ్లాగలేదు ఆయనకి.”

అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇంత ప్రేమ లోపల దాచుకుని, పైకి మాత్రం ఎప్పుడూ చిర్రుబుర్రులు!” అని మోకాళ్ల నొప్పి మరిచిపోయి వంటింట్లోకి నడిచింది.

అల్లుణ్ణి సాగనంపడానికి మామగారు మొదటిసారి వీధి గుమ్మం దాకా వచ్చారు. “మనింట్లో ఇక ఏ వేడుకైనా నువ్వే తీయాలి బాబూ,” అన్నారు భుజం తట్టి. “ఆ హెడ్‌ఫోన్స్ మాత్రం మార్చకు.”