తలుపుల్లేని రాష్ట్రం

ఆ ఉదయం ఆవిడ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పదకొండింటికల్లా మ్యూజియానికి వెళ్లి, ముఖద్వారం పక్కన పెట్టబోయే ఫలకం మీద తన పేరు చూసుకోవాలి. పెళ్లి శుభలేఖ తర్వాత ఆవిడ పేరు మళ్లీ ఎక్కడా అచ్చుకాలేదు మరి.

వాళ్ల రాష్ట్రానికి ‘తలుపుల్లేని రాష్ట్రం’ అని ఎప్పటినుంచో పేరుంది. ఎందుకొచ్చిందో ఫలకం మీద రాయించాలని మ్యూజియం వాళ్లనుకున్నారు. అక్కడ ఉపాధికారిగా ఉన్న భర్త ఆ పని, చరిత్ర చదువుకున్న భార్య నెత్తిన పెట్టాడు. ఆవిడ నాలుగు నెలలు లైబ్రరీలో దుమ్ము పీల్చి, పాత నివేదికలు తిరగేసి పది వాక్యాలు రాసింది.

స్నానం చేసి, చీర కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మొహానికి గాలి ఈడ్చి కొట్టింది. వీధి తలుపు లేదు. తెరిచి ఉండటం కాదు, అసలు లేదు. ద్వారబంధానికి స్క్రూల కన్నాలు మాత్రం మిగిలాయి.

“తలుపేదండీ?”

భర్త బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. “వడ్రంగి పట్టుకెళ్లాడోయ్.”

“రిపేరుకా?”

“కాదు. పదింటికి డైరెక్టరుగారు మనింటికి కాఫీకొస్తున్నారు.”

“తలుపుంటే కాఫీ దిగదా ఆయనకి?”

ఆయన లేసు వదలకుండా నసిగాడు. “నువ్వు రాసినదాంట్లో ఒక్క వాక్యం మార్చాను. ఆయనకి తెగ నచ్చింది.”

“ఏ వాక్యం?”

“అర్థం చెప్పే వాక్యం.”

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పూర్వం ఏలినవాడి సైన్యం ఏరు దాటడానికి తెప్పలు కావలసి, ఇంటింటి తలుపులూ పట్టుకుపోవడానికి బయల్దేరింది. సంగతి ముందే పసిగట్టిన జనం ఒక్క పూటలో తలుపులన్నీ ఊడదీసి గడ్డివాముల్లో దాచేశారు. వచ్చిన సేనాని పళ్లు నూరుకుని, ‘ఇది తలుపుల్లేని రాష్ట్రం’ అని ఎగతాళిగా నివేదిక రాశాడు. ఆ ఎగతాళే పోనుపోను బిరుదైంది. ఆవిడ రాసింది అదీ. భర్త ‘ఒక్క వాక్యం’ పేరుతో అదంతా కొట్టేసి, ‘ఇక్కడివారికి అతిథులంటే ప్రాణం కనుక ఇళ్లకు తలుపులు పెట్టుకోరు’ అని రాశాడు. పైగా డైరెక్టరు మెచ్చుకున్న ఊపులో, “మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి సార్” అనేశాడు.

“మరి కింద పేరెవరిది?”

“నీదే! మాటిచ్చాక తీసేస్తానా?”

“ఆ అబద్ధం కింద నా పేరా? చదువుకున్నవాళ్లెవరైనా చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. తీయించండి. ఇప్పుడే ఫోను చేయండి.”

“పెయింటరు పూర్తి చేసేశాడోయ్. పదకొండింటికి ఆవిష్కరణ!”

ఆవిడ నోరు తెరిచేలోగా, పై అంతస్తు పిన్నిగారు తలుపు లేని గుమ్మంలోంచి తిన్నగా హాల్లోకి వచ్చేసింది. “ఏమ్మాయ్, మీదే మొదలా? వడ్రంగిని మెట్ల మీద ఆపి అడిగితే ముద్ర వేసిన చీటీ చూపించాడు. ‘తలుపు ఒకటి, ఆఫీసు పని’ అని రాసుంది. మావెప్పుడు పట్టుకెళ్తారట?”

ఆ చీటీ మ్యూజియం ముద్ర వేసి భర్త రాసిందే. నిజం చెబితే డైరెక్టరు దగ్గర పరువు పోతుంది కదా, ఆయన గొంతు తగ్గించాడు. “పైనుంచి ఆదేశాలండీ. నేనేం చెప్పకూడదు.”

పిన్నిగారు పరుగందుకుంది. కాసేపట్లో మేడంతా సుత్తి చప్పుళ్లు. ఒక ఇంట్లో బావగారూ మరదలూ, మరో ఇంట్లో తాతగారూ మనవరాలూ ఊడదీసిన తలుపులు మోస్తూ ఆపసోపాలు పడుతున్నారు.

“చూశారా మీ నిర్వాకం!” అంది ఆవిడ.

“నాకేం తెలుసు ఇంతదాకా వస్తుందని?”

“తెలిసినవాళ్లు రాసింది కొట్టేయడం మాత్రం తెలుసు!”

పదింటికి డైరెక్టరు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. మూడంతస్తుల్లో పన్నెండు ఇళ్లు. ఒక్కదానికీ తలుపు లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీ ఒక్క ఇల్లే అనుకున్నానయ్యా. ఎంత పెద్ద మనసు వీళ్లది!” అంటూ, కాఫీ సంగతి మరిచి, మొగుడూపెళ్లాలు వెనకే వస్తుండగా పిన్నిగారింట్లోకి నడిచాడు.

పిన్నిగారు మంచానికి అడ్డంగా చేతులు చాపింది. “మా ఇంట్లో ఏమీ లేదు బాబూ! మేం తలుపు వాడం!”

“తెలుసమ్మా, తెలుసు” అంటూ ఆయన అభిమానంగా మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కెవ్వుమని లేచాడు. పరుపు కింద ఇత్తడి పిడి ఉంది.

ఆవిడ ఇక ఆగలేదు. “అతిథి కోసం కాదండీ, మీకు భయపడి దాచుకున్నారు! అప్పుడు సైన్యానికి భయపడి దాచారు, ఇప్పుడు మీ ఆఫీసు ముద్రేసిన చీటీకి భయపడి దాచారు. ఆ పేరుకు అర్థం ఇదీ. నేను రాసింది ఇదే. నా రాతను ఈయన కొట్టేసి, తన కోత కింద నా పేరు పెట్టారు. పెడితే నా రాత పెట్టండి, లేదా నా పేరు చెరిపేయండి!”

డైరెక్టరు ఉపాధికారి వైపు తిరిగాడు. “ఏమయ్యా?”

“ఒక్క వాక్యమే మార్చాను సార్” అన్నాడు భర్త.

డైరెక్టరు నడుము రుద్దుకుంటూ పరుపు ఎత్తి చూశాడు. కింద గొళ్లెంతో సహా పూర్తి తలుపుంది. పరుపు దించేసి, “ఆవిష్కరణ వాయిదా. ఆవిడ రాసింది అక్షరం పొల్లుపోకుండా రాయించు. కింద ఆవిడ పేరు. కుంచె ఖర్చు నీది” అన్నాడు.

ఆవిడకు కోపం దిగలేదు గానీ, ఊపిరి మాత్రం ఆడింది. “మా తలుపు కూడా ఇప్పించండి” అంది.

డైరెక్టరు మర్యాదగా తనే కిందికి దిగి, వీధి చివర వడ్రంగి కొట్టుకు వెళ్లి, తలుపు ఇవ్వమని అడిగాడు. వడ్రంగి ఆ అధికారిని ఎగాదిగా చూసి, చేతులు కట్టుకుని, తనకు ఊహ తెలిశాక ఆ ఇంటికి తలుపన్నది చూడలేదన్నాడు.