పన్నెండో పుట మీద దండయాత్ర

విక్టోరియా మహారాణి ఏలుబడిలో నలభై ఆరవ యేట, యార్రానదీతీరస్థితమై, సువర్ణఖనిసంపదాభివర్ధితమై, ఉత్తరపు గాలి వీచిన నాడు ధూళిధూసరితమై యొప్పు మెల్‌బోర్న్ నగరంబున, ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలకు, పార్మా పట్టణం నుండి ఓడనెక్కి వచ్చి ఇరవై యేళ్లుగా ఆ ఊరివారిచేత గొంతు విప్పిస్తున్న గానవిద్యాధురంధరుడు రుజ్జేరో పస్తోరెల్లి, అరవై రెండు కంఠాల సేనను ఎదుట నిలిపి, మూరెడు బెత్తమును గాండీవంబు వలె నెత్తెను.

శత్రువు పక్కగదిలో మరుగుచుండెను. అది టీ.

ఆ గాయక సంఘపు ఆచారం ఒకటి ఉండెను. నాలుగు గంటలకు కాపలాదారుని విధవ టాలిసమ్మ రాగి కెటిల్‌తో రాగానే, పాటను ఏ మాట మీద ఉంటే ఆ మాట మీద వదిలి అందరూ కప్పులందుకోవలెను. తాగి ఇళ్లకు పోవలెను. మగవారు దుకాణాలు మూసి మూడున్నరకు గాని రారు. పాటను మధ్యలో ఎత్తుకొనుట అపశకునమని ఆడవారు ఒప్పరు. అందుచేత పన్నెండు పుటల స్తోత్రంలో ఆమెన్‌తో ముగియు చివరి పుటను పదకొండేళ్లలో ఎవరూ సాధన చేయలేదు. ప్రతి కచేరీలోనూ సేన అక్కడికి వచ్చి చెల్లాచెదురయ్యెను. రానున్న మంగళవారం కూడా చెదిరినచో బెత్తము మరొకరికి ఇత్తుమని కమిటీ ఉత్తరం రాసెను.

మాస్టారు ఒకసారి గడియారాన్ని వెనక్కి తిప్పెను, కడుపులను తిప్పలేకపోయెను. ఒకసారి తలుపుకు గడియ వేసెను; టాలిసమ్మ కిటికీలోంచి కప్పులందించెను.

నేడు పదకొండో పుట సగమైనంతలో తలుపు తెరుచుకొనెను. ఆవిరి వచ్చెను, దాని వెనుక కెటిల్‌తో టాలిసమ్మ గుమ్మంలో నిలిచెను. మంద్రస్వరసేనాధిపతియు మాంసపుకొట్టు యజమానియు అగు ఏబెల్ క్రౌచ్ కప్పు పట్టుకొని పంక్తి దాటెను. పారిపోవు సైన్యము చరిత్రలో ఎట్లు నవ్వులపాలగునో మాస్టారు చెప్పబోయెను.

"ఆమెన్ ఎక్కడికీ పోదు మాస్టారూ," అన్నాడు క్రౌచ్. "టీ చల్లారిపోద్ది."

మాస్టారు బెత్తము దించి శత్రుశిబిరమునకు నడిచెను.

"టాలిసమ్మా, పదకొండేళ్లుగా గోడ అవతల నుంచి వింటున్నావు. ఈ పాట ఎలా ముగుస్తుందో నీకు తెలుసా?"

"నాకెవరు వినిపించారు? ఎప్పుడూ ఈ కప్పుల గోలే."

ఆమె గాయకుల నడుమకు నడిచెను. కెటిల్‌ను పియానో మీద పెట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకొనెను.

"క్రౌచ్, ఆ కప్పు కింద పెట్టు. దీని కథ తేలేదాకా ఎవరికీ చుక్క పొయ్యను."

దాహార్తులగు అరవై ఇద్దరు శకునము మాట మరచి, ఆపిన చోటి నుండే ఎత్తుకొని పన్నెండో పుటపై పడిరి. స్త్రీలు రెండు చోట్ల దారి తప్పి తిరిగి వచ్చిరి. చివరి స్వరమును అందరూ ఒక్కమారుగా విడిచిరి. క్రౌచ్ కొంత తరువాత విడిచెను.

"ఇంతేనా?" అంది టాలిసమ్మ. ఆపైన సంఘాధ్యక్షుని దాటుకొని తొలి కప్పు మాస్టారికి పోసెను.

దశదిశలా చాటుడు! నాలుగు గంటల ఆరు నిమిషాలకు, పదహారు వరుసలు గల పన్నెండో పుట సంపూర్ణముగా వశమయ్యెను. మృతులు లేరు. టీ గోరువెచ్చగా ఉండెను.