‘లేదు’ అనడానికి డెబ్బై అయిదు డాలర్లు

ఇల్లు అద్దెకు అడిగినందుకే ఫీజు కట్టాలా అని గొణిగే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మీకు వ్యాపారం తెలియదు, అంతే! అద్దె ఇంటి దరఖాస్తు ఫీజంత పుణ్యమైనది మన టొలీడో ఊళ్లో మరొకటి లేదు. దాన్ని తగ్గించమని కాదు, రెట్టింపు చేయమని ఊరేగింపు తీయాలి మనం!

ముప్ఫై ఒక్క ఏళ్లుగా పాత సోఫాలు అమ్ముకుంటున్నవాణ్ని. ఊరికే అనను, లెక్క చూపిస్తాను.

సోఫా ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఇల్లూ అంతే, ఏడాదికి ఒక్కరికే ఇవ్వగలం. కానీ ‘లేదు’ అనే మాట ఉందే, దాన్ని నలభై మందికి అమ్మవచ్చు! గోదాము అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. కొన్నవాడెవడూ మర్నాడు వెనక్కి తెచ్చి స్ప్రింగు గుచ్చుకుంటోందని గొడవపడడు. ఒక్కో ‘లేదు’ డెబ్బై అయిదు డాలర్లు. నలభైకి మూడు వేలు. ఆ ఇంటికి నెల అద్దె ఎంత? తొమ్మిది వందలు. ఇప్పుడు చెప్పండి, బుద్ధున్నవాడు ఇల్లు అద్దెకిస్తాడా, ఇవ్వకుండా ఉంటాడా?

నేనెంత వెర్రివాణ్నో తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. ఇన్నేళ్లూ జనాన్ని నా సోఫాల మీద ఉచితంగా కూర్చోనిచ్చాను! ఒక పెద్దమనిషి ప్రతి శనివారం వచ్చి, వెనక్కి వాలే కుర్చీలో కాళ్లు చాపుకుని ఫుట్‌బాల్ ఆట మొత్తం చూసి, “ఆలోచించి చెబుతాను” అని వెళ్లిపోతాడు. ఆరేళ్లుగా ఆలోచిస్తున్నాడు.

జనానికి మాత్రం లాభం లేదా? పూర్వం మనల్ని కాదనేవాళ్లు ఊరికే కాదనేవారు. ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది? మా మామగారు నన్ను రెండుసార్లు ఉచితంగా కాదన్నారు. మూడోసారికి విసుగెత్తి సరేనన్నారు. ఫీజు పెట్టి ఉంటే ఆయనకు నూటయాభై డాలర్లు మిగిలేవి. పాపం, ఆదాయం పోగొట్టుకుని, అల్లుణ్ని తెచ్చుకున్నారు.

ఇంత మంచి ఏర్పాటుకు ఎసరు పెట్టే వాళ్లూ ఉన్నారు. మా వీధిలోనే ఉంది ఒకావిడ, మార్వెలా ప్రూయిట్. స్కూలు బస్సు నడుపుతుంది. వెనక్కి తిరగకుండా అద్దంలో ఒక్క చూపు చూసి అరవై ఇద్దరు పిల్లల నోళ్లు మూయించగలదు. ఆవిడ ఉంటున్న భవనం అమ్ముడుపోయింది. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని కొత్త యజమాని తలుపుకు కాగితం అంటించాడు. అడ్వాన్సుకని దాచింది పక్కన పెడితే, ఆవిడ దగ్గర మిగిలింది ఒక్క దరఖాస్తుకు సరిపడా డబ్బు.

నది దగ్గర ఒక ఫ్లాటు చూసుకుంది. ఆరో తారీకు పొద్దున డెబిట్ కార్డుతో తనకు డెబ్బై అయిదు, గ్రేవీకి పాతిక కట్టింది. గ్రేవీ అంటే ఆవిడ పిల్లి. పిల్లికి ఫీజేమిటని అడక్కండి. దాని నడవడిక ఎవరు విచారిస్తారు, మీరా?

సాయంత్రం ఆ ఫ్లాటు అద్దెకిచ్చే కంపెనీ నుంచి కైలర్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు.

“మేడమ్, ఆ ఫ్లాటు వెళ్లిపోయిందండీ.”

“ఎప్పుడు నాయనా?”

“మూడో తారీకున.”

“నేను డబ్బు కట్టింది ఇవాళ పొద్దున. ఇవాళ ఆరు కదా?”

“అవునండీ. థాంక్స్ అండీ.”

“థాంక్స్ నీ దగ్గరే ఉంచుకో. డబ్బు సంగతి చెప్పు.”

“అది తిరిగి ఇవ్వని ఫీజండీ.”

“సరేలే. నువ్వన్న మాటలే తారీకుతో సహా మెసేజ్ పెట్టు నాయనా. పెద్దదాన్ని, మర్చిపోతాను.”

కైలర్ మర్యాదస్తుడు. మూడో తారీకునే ఇల్లు ఇచ్చేశామని పూసగుచ్చినట్టు రాసి పంపాడు. అరవై ఇద్దరు పిల్లల స్టాపులూ, ఏ స్టాపులో ఎవరి అమ్మ ఆలస్యంగా వస్తుందో కూడా గుర్తుండే మనిషికి మతిమరుపేమిటని అతనికి తోచలేదు.

మర్నాడు బస్సు ట్రిప్పు అయ్యాక మార్వెలా బ్యాంకుకు వెళ్లింది. అక్కడ ఓడమ్ అనే అమ్మాయి ఫారం తీసింది.

“కార్డు పోయిందా అండీ?”

“కార్డు ఉంది. డబ్బే పోయింది.”

“ఎవరైనా దొంగిలించారా?”

“రసీదు ఇచ్చాడమ్మా.”

“అయితే దొంగతనం కిందికి రాదండీ. ‘సేవ అందలేదు’ అని రాద్దాం. లేని ఇంటికి ఫీజు తీసుకున్నట్టు ఆధారం ఏమైనా ఉందా?”

మార్వెలా ఫోన్ తిప్పి చూపించింది. ఓడమ్ మెసేజ్ చదివి, మళ్లీ చదివింది. “వీళ్లే రాసిచ్చారా?”

“అడిగాను, ఇచ్చాడు. మంచి పిల్లాడు.”

“కంపెనీ జవాబు కోసం ఆగాలండీ. నలభై అయిదు రోజులైనా పట్టొచ్చు.”

“నెలాఖరు దాటితే నేను రోడ్డు మీద ఉంటానమ్మా. ఈ డబ్బు వస్తేనే ఇంకో ఇల్లు అడగగలను. అప్పటిదాకా పిల్లిని చంకలో పెట్టుకుని బస్సులో పడుకోనా?”

ఓడమ్ ఫారం అప్పటికప్పుడే పంపేసింది.

పదిహేను రోజులకు కంపెనీ జవాబిచ్చింది. ‘సేవ సంపూర్ణంగా అందించబడినది. దరఖాస్తుదారును క్షుణ్ణంగా విచారించితిమి. నివేదిక జతచేయడమైనది.’ బ్యాంకుకు రమ్మని కబురు రాగానే మార్వెలా వెళ్లింది. ఓడమ్ నివేదిక తెరిచి పైకి చదివింది.

“పేరు, గ్రేవీ ప్రూయిట్. వయసు పదకొండు. బరువు పద్నాలుగు పౌన్లు. కరిచిన దాఖలాలు లేవు. గతంలో ఇల్లు పాడుచేసిన ఫిర్యాదులు లేవు. ఫలితం, ఆమోదించడమైనది. అభినందనలు!” అంటూనే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “క్షమించండి. మీ దరఖాస్తు వాళ్లు తెరవనే లేదండీ. పిల్లిది మాత్రం శ్రద్ధగా చూశారు.”

“దాని కడుపు చూసి బలిసిన కుటుంబం అనుకున్నారేమో.”

“మీ డెబ్బై అయిదు ఇవాళే ఖాతాలో పడుతుంది. పిల్లి పాతిక మాత్రం రాదండీ. ఆ సేవ అందింది కదా.”

“అందింది. అబద్ధం ఎందుకాడాలి? నాకు జన్మలో ఎవరూ అంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ కాగితం నాకో కాపీ తీసివ్వు తల్లీ.”

చూశారా దారుణం! ఒక బస్సు డ్రైవరు, ఒక మెసేజు, ఒక ఫారం. ఎన్నాళ్లో కష్టపడి కట్టుకున్న వ్యాపారంలోంచి డెబ్బై అయిదు డాలర్లు లాగేసుకుంది! మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఇలాగే తెలివి తెచ్చుకుంటే ఆ కంపెనీ గతేమిటి? చివరికి బతకడానికి ఇళ్లు అద్దెకివ్వాల్సి వస్తుంది!

ఆ కంపెనీకి జరిగిన అన్యాయం చూసి నేను ఊరుకోలేకపోయాను. ఈ ఉద్యమంలో నేనూ చేరాలనుకున్నాను. ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున షాపు ముందు రెండు బోర్డులు కట్టాను. మొదటిది ‘సోఫా మీద కూర్చుని చూడడానికి మూడు డాలర్లు’. రెండోది ‘మేడ మీద రెండు గదులు అద్దెకు. దరఖాస్తు ఫీజు ఎనభై’. కంపెనీ కంటే అయిదు ఎక్కువ. నాకు అనుభవం ఉంది కదా!

మధ్యాహ్నం మార్వెలా వచ్చింది. రెండు బోర్డులూ చదివింది.

“ఏమయ్యా వెర్నన్, నీ సోఫాల మీద కూర్చుంటే మూడు డాలర్లా? లేచి నిలబడగలిగితే బహుమతి ఏమైనా ఉందా?”

“హాస్యాలు తర్వాత. పని చెప్పు.”

“గదులు ఖాళీయేనా? నిజంగా ఖాళీయేనా, లేక బోర్డు మీదే ఖాళీయా?”

“నిజంగానే.”

ఆవిడ డెబిట్ కార్డు తీసి బల్ల మీద టపీమని పెట్టింది. “గీసుకో. పేచీ పెడితే ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. ఓడమ్ పిల్ల కూడా బాగానే ఉంది, పలకరించినట్టూ ఉంటుంది.”

నేను లెక్క వేశాను. ఎనభై వస్తుంది. ‘లేదు’ అన్నానా, పేచీలో ఆ ఎనభై పోతుంది. ఇలాంటి పేచీ ఒకటి వస్తే బ్యాంకు షాపువాడి దగ్గర ఇరవై జరిమానా లాగుతుంది. నికరం, ఇరవై నష్టం. పైగా గదులు ఖాళీ.

కార్డు వెనక్కి తోసి తాళం చెవులు తీశాను. అయినా పరువు ఉంది కదా, “నీ గురించి విచారించొద్దూ?” అన్నాను.

“నా కాగితం లేదు, నన్నెవరూ తెరవలేదు. ఇదిగో, పిల్లిది ఉంది,” అంటూ గ్రేవీ సర్టిఫికెట్ నా ముందు పెట్టింది. “ఇల్లు దాని పేరున రాసుకో. నేను దాని దగ్గర ఉంటాను.”

అలా నా మేడ మీద గ్రేవీ కాపురం ఉంటోంది. అద్దె ఒకటో తారీకున ఠంచనుగా అందుతోంది. మధ్యాహ్నం కాగానే మెట్లు దిగి వచ్చి, షాపులో అన్నిటికంటే ఖరీదైన బూడిద రంగు సోఫా ఎక్కి, మూడు డాలర్ల బోర్డు కిందే ముడుచుకుని పడుకుంటుంది. ఇంతవరకు పైసా కట్టలేదు.

అడగడానికి నాకు నోరు రావడం లేదు. దాని నడవడికకు కాగితం ఉంది. నాకు లేదు. ఇల్లడిగిన మనిషినీ, ఆ మనిషి పిల్లినీ విచారించడానికి ఫీజులున్నాయి కానీ, ఇల్లిచ్చేవాణ్ని విచారించడానికి ఎవరూ ఇంకా ఫీజు పెట్టలేదు.

పెట్టరనే నా ధైర్యం. దయచేసి మీరు వాళ్లకు గుర్తు చేయకండి.