ముకోనో వైపు తిరిగిన బైకులు

ఆ శనివారం పొద్దున కగ్గ్వా వేసుకున్న పథకం చిన్నదే. కంపాలాలో బైకుల మీద సరుకులు చేరవేసే తమ కంపెనీ యాప్‌కు కొత్త ప్రోగ్రాం విడుదల చేయాలి. తర్వాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్క ఊరైన ముకోనో వెళ్ళి, తనతో పనిచేసే నబుకీరాను ఇమ్మని ఆమె తండ్రి లుబ్వామాను అడగాలి. ఆ పెద్దాయన ఒకసారి కాదన్నాడు. "అమ్మానాన్నా లేరు, చుట్టాలు లేరు. పిల్లనడగడానికి వెంట నలుగురు కూడా రానివాడికి ఎలా ఇస్తాం?" అన్నాడు. ఇక మిగిలింది ఈ ఒక్క ప్రయత్నమే.

విడుదలకు ముందు కంపైల్ అయి యంత్రభాషలోకి మారిన ఫైలును తెరిచి, పరీక్షల కోసం పెట్టిన సెట్టింగులేవైనా లోపల మిగిలాయేమో గాలించడం కగ్గ్వా పని. పరీక్షల్లో ప్రతి సరుకూ ఒకే చిరునామాకు వెళ్ళేది. అది ఏదో ఒక చిరునామా కావాలంటే నబుకీరా చప్పున చెప్పిన వాళ్ళింటిది. దాన్ని కోడ్‌లోంచి తీసేశాను కదా అన్న ధీమాతో అతను ఫైలు తెరవకుండానే విడుదల చేసేశాడు. మనసప్పటికే ముకోనో చేరుకుంది మరి.

కాసేపటికి లుబ్వామా వాకిట్లో ఒక బైకు ఆగి అరటిగెల దించింది. వెనకే కోళ్ళు, సోడా పెట్టెలు, ఒక మేక, ఇద్దరు పట్టుకుని కూర్చున్న సోఫా వచ్చాయి. నబుకీరా మేనత్త నోరు తెరుచుకుని చూసింది.

"ఎవరు పంపార్రా ఇవన్నీ?"

"మాకేం తెలుసమ్మా!" అన్నాడు ఒక బైకువాడు. " ఎక్కడికెళ్ళాలన్నది కగ్గ్వా చేతిలో ఉంటుంది."

అంతే, మేనత్త పెట్టిన కూతకు వీధంతా కదిలొచ్చింది. "అన్నయ్యా, కాంజూ అంగీ తొడుక్కో! పెళ్ళివారు దిగారు!"

నబుకీరా కగ్గ్వాకు ఫోన్ చేసింది. "ఏం చేశావ్ నువ్వు? మా అత్త ఎవరిదో మేకకి కత్తి నూరుతోంది!"

కగ్గ్వా ఫైలు తెరిచాడు. అర్థంకాని గుర్తుల మధ్య ముకోనో చిరునామా స్పష్టంగా కనిపించింది; అది తీసేయకముందు కంపైల్ చేసిన పాత ఫైలది. భయం కంటే ముందు ఆశ్చర్యమే కలిగింది. ఎవరి కంటా పడని ఒక్క లైను నగరంలోని బండ్లన్నిటినీ ఒక ముసలాయన గుమ్మానికి తోలింది! దాన్ని సరిచేసి, ఇస్త్రీ లేని చొక్కాతోనే ముకోనోకు పరుగెత్తాడు.

"ఇందులో ఒక్క గెలైనా నీది కాదా?" అన్నాడు లుబ్వామా అంతా విని.

"కాదండీ."

"మేక?"

"ఏదో హోటలువాళ్ళదండీ."

మేనత్త కత్తి దించింది. పెద్దాయన బైకులవాళ్ళ వైపు తిరిగాడు. "మిమ్మల్నిన్ని తిప్పలు పెట్టాడు. నాలుగు తగిలించరేం?"

వాళ్ళలో పెద్దవాడు ముకీబీ ముందుకొచ్చాడు. "దారంతా తిట్టుకుంటూనే వచ్చాం పెద్దాయనా. కానీ మేమే తిట్టాలి, ఇంకొకళ్ళు ఓ మాటంటే ఊరుకోం. రోడ్డు మీద మా ఫోను ఆగితే వానలో కూడా పరుగెత్తుకొచ్చేది వీడొక్కడే. మావాడు."

లుబ్వామా వీధి చివరిదాకా చూశాడు. ముందే బయల్దేరిన బైకులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అంత జనం ఆయన పెళ్ళికి కూడా రాలేదు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"చెల్లీ, మన తోటలో గెలలు కోయించు," అన్నాడు. "అబ్బాయి తరఫువాళ్ళు ఎండలో నిలబడ్డారు."

సాయంత్రానికి సరుకులన్నీ అసలు చిరునామాలకు చేరాయి. కగ్గ్వాను మాత్రం ఎవరూ తిప్పి పంపలేదు.