అద్దాల పెట్టెలో చిగురయ్య

ఒక పెద్ద అడవిలో, అంటే కమిటీల కంటే చెట్లు ఇంకా నాలుగు ఎక్కువున్న అడవిలో, చిగురయ్య అనే చెట్టుకప్ప ఉండేవాడు. పగలంతా ఆకుకి ఆకులా అంటుకుని నిద్రపోవడం, పొద్దుగూకాక షికారు తిరగడం వాడి పని. పెళ్లి కావలసినవాడు. తొలివానలో కొమ్మెక్కి గొంతెత్తి పిలిస్తేనే వాళ్లలో పిల్ల పలుకుతుంది. ఆ వాన తప్పిందా, మళ్లీ ఏడాది దాకా బ్రహ్మచర్యమే పాపం!

ఆ వేసవిలో ఎలుగుబంటి ఎల్లమందగారికి చెట్టుకప్పల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పాడుబడ్డ అతిథిగృహంలో పేద్ద అద్దాల పెట్టె దొరికింది మరి! పెట్టె దొరికాక చెట్టుకప్పల సంరక్షణ కమిటీ వెయ్యకుండా ఎలా ఉంటారు? తను అధ్యక్షుడు, నక్క నాంచారమ్మ కార్యదర్శి.

పెట్టెని ఆరుబయట చెట్టు కింద పెట్టించి, నిద్రపోతున్న చిగురయ్యని ఆకుతో సహా తెచ్చి అందులో పెట్టారు. నాచు పరిచారు, కొమ్మలు నాటారు, మిడతలు వదిలారు. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించి మూత బిగించే పని ఏనుగు ఏకాంబరానికి అప్పజెప్పారు. ఏకాంబరానికి చూపు తక్కువ, విధేయత ఎక్కువ.

పొద్దుగూకాక చిగురయ్య కళ్లు తెరిస్తే చుట్టూ అద్దం!

“అమ్మగారూ, ఇదెక్కడి గోలండీ! వానలొచ్చేస్తున్నాయి, నా పెళ్లి ఆగిపోతుంది, వదిలెయ్యండి!”

“ఆఫీసు వేళ అయిపోయింది నాయనా, రేపు పగలు చెప్పుకో,” అంది నాంచారమ్మ లేస్తూ.

“పగలు నేను నిద్రపోతానండీ!”

“అయితే నీకే కష్టమూ లేదన్నమాట!”

రోజూ ఇదే తంతు. పగలు ఎల్లమంద వచ్చి చూస్తే చిగురయ్య గుర్రుపెడుతుండేవాడు. “చూశావా, ఒక్క ఫిర్యాదు లేదు! మహా సుఖపడుతున్నాడు,” అని నాంచారమ్మతో చెప్పి మురిసిపోయేవాడు.

ఇంతలో పెద్దపులిగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆ సాయంత్రం ఆకాశం నిండా మబ్బు. పెట్టెలో చూద్దురు కదా, అన్నీ ఆకులే, కప్ప లేదు!

“కొంప మునిగింది! కప్ప ఏదమ్మా?”

“ఆకుల్లో కలిసిపోయుంటాడండీ. దిగి వెతకండి.”

“అధ్యక్షుణ్ణి, నేనొక్కణ్ణే దిగాలా?”

చివరికి మూత ఎత్తి ఇద్దరూ దిగారు. నాచంతా పీకారు. “ఒరే చిగురయ్యా!” అంటూ ఒక్కో ఆకునీ బతిమాలారు.

చిగురయ్య వాళ్లెత్తిన మూతకే అడుగున అంటుకుని నిద్రపోతున్నాడు. ఫెళ్లున ఉరిమింది. మెలకువొచ్చి చూసేసరికి ఎదురుగా ఆకాశం! ఒక్క గెంతుతో పైనున్న చెట్టుకొమ్మ మీద పడ్డాడు.

అప్పుడే నీళ్ల వేళకి ఏకాంబరం వచ్చాడు. పెట్టెలో ఏదో కదులుతోంది. “హమ్మయ్య, ఇవాళ మెలకువగా ఉన్నాడు!” అనుకుని తొండం నిండా ఉన్న నీళ్లు కొట్టి మూత బిగించేశాడు.

“తియ్యరా మూత! మేమురా!” అని ఇద్దరూ లోపల్నించి అద్దం బాదారు.

ఏకాంబరానికి రోజూ వినివిని ఒక్క జవాబే వచ్చు. “ఆఫీసు వేళ అయిపోయిందండీ, రేపు పగలు చెప్పుకోండి.”

పెద్దపులిగారు రానే వచ్చారు. అద్దంలోకి తొంగిచూసి నోరెళ్లబెట్టారు. “ఔరా! కప్పకి బొచ్చు కూడా వచ్చిందే! పక్కన తోకున్నది ఇంకో రకమా? శభాష్! ఆ మూత మాత్రం ఎవరూ తియ్యకండి.”

వాన మొదలైంది. కొమ్మ మీద చిగురయ్య గొంతు చించుకుని పిలిచాడు. పక్క కొమ్మ మీంచి ఓ పిల్ల పలికింది. వాడికి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏకాంబరం మాత్రం ఇప్పటికీ పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు.

నీతి: సంరక్షణ కమిటీ అంటూ వేశాక ఎవరో ఒకరు భద్రంగా ఉండి తీరతారు, కనీసం కమిటీ అయినా.