ఊలుపాశ ద్వారవిజయము

వినుడు, తలుపులు తోసి తోసి భుజములరిగిన సుజనులారా! ప్రచండభానుడు మేడల సందులలో దారి వెదకుకొనుచు పైకెక్కు వేళ, ఆలస్యమైన ఉద్యోగుల జనసముద్రము కాలిబాటపై ఘూర్ణిల్లు వేళ, ఒకానొక నాలుగంతస్తుల భవనము వాకిట, చక్రాల కుర్చీయే రథముగా, అల్లిక సూదులే ఆయుధములుగా, ఒడిలోని ఊలు సంచియే అక్షయతూణీరముగా ఒక వీరనారి వచ్చి నిలిచెను. ఆ భవనములోనే స్వెట్టర్లల్లు దుకాణము నడుపు ఆమెను లోకము ఊలక్క యని పిలుచును.

ఆ వాకిలికి బరువైన గాజు తలుపు. కుర్చీలో కూర్చుండి దానిని తోసినచో రథము వెనుకకు పోవును గాని తలుపు ముందుకు పోదు. కావున ఊలక్క తన దుకాణమునకు తాను పోవుటకై ఏండ్ల తరబడి ఎవరో ఒకరి దయకు కాచుకొనవలసి వచ్చెను. అది ఆమెకు ముల్లువలె గుచ్చుకొనుచుండెను. భవనము పెద్దలతో పోరి పోరి, వారి ప్రాణములు తోడి, తుదకు సాధించినది ముట్టకయే తలుపు తెరచు మీట. గోడపై, కూర్చున్నవారికి అందు ఎత్తున, అరచేయి బొమ్మ గల చిన్న పెట్టె; చేయి చూపిన చాలు, నలుగురి చేతి మురికి అంటకుండ తలుపు తెరచుకొనును. లోపలి గోడకును అట్టిదే యొకటి. అవి బిగించిన మరునాటి ఉదయమిది.

"ఈ రోజు నా తలుపు నేనే తీస్తా. అడ్డొచ్చినవాళ్లకు ఈ జన్మలో స్వెట్టరు అల్లను!" అని ఆమె ఘోరప్రతిజ్ఞ.

అయితే ఆ వాకిట ఒక మహాయోధుడు కలడు. సంచి కనబడిన అందుకొనును, దగ్గు వినబడిన మంచినీళ్లు తెచ్చును, మనిషి నీడ పడిన తలుపు తీయును. అట్టి పరోపకారధురంధరుడు, మీసాల వాచ్‌మన్ బాబాయి.

ఊలక్క ఊపిరి బిగించి చేయి ఎత్తెను. ఎత్తినదో లేదో, బాబాయి దుమికి తలుపు తోసి పట్టుకొనెను.

"రా తల్లీ, రా!"

"బాబాయ్! నేను తీస్తానని చెప్పానా లేదా?"

"అయ్యో, మర్చిపోయా. ఈసారి ముట్టను, ఒట్టు."

రథము మరలెను, రెండవ దండయాత్ర మొదలయ్యెను. బాబాయి నిజముగనే తలుపు ముట్టలేదు. "ఇదిగో తల్లీ, ఇక్కడ, సరిగ్గా ఇక్కడ చెయ్యి చూపించు!" అని వ్రేలితో మీటను చూపెను. మీట ఆ వ్రేలిని చూచెను. తలుపు తెరచుకొనెను.

ఊలక్క తల పట్టుకొనెను.

"ఏం చేయను తల్లీ? ఇన్నేళ్ల అలవాటు. నేనాగినా నా చేతులాగవు."

"మీరు మంచివారే బాబాయ్. కానీ రోజూ ఎవరికో థాంక్స్ చెప్పి లోపలికెళ్తున్నా. ఒక్కరోజు ఎవరికీ చెప్పకుండా నా షాపుకి నేను వెళ్లాలని ఉంది."

బాబాయి మీసము వాలిపోయెను. అంత ఊలక్క తూణీరమునుండి ఎర్రని ఊలు చిలపను, అనగా వలయముగా చుట్టిన పోగుల కట్టను, ఒకటి తీసెను. చిలపను ఉండగా చుట్టవలెనన్న, ఎవరో ఒకరు రెండు చేతులు చాచి, దానిని మణికట్టులకు తగిలించుకొని కదలక నిలువవలెనని అల్లువారికి తెలియును.

"బాబాయ్, కాస్త ఇది పట్టుకోండి."

సాయమనిన చాలు, ఆయన చేతులు వాటంతటవే ముందుకు వచ్చెను. నాగపాశబద్ధుడైన యోధునివలె బాబాయి ఊలుపాశబద్ధుడయ్యెను. కదిలినచో ఊలు చిక్కుపడును. ఊలు చిక్కుపడెనా, ఊలక్క ఊరుకొనదు.

ఆమె అరచేయి చాచెను. పెట్టెలో పచ్చదీపము వెలిగెను. బాబాయి వ్రేళ్లు తహతహలాడెను, మీసము వణకెను, పాదము సైతము అరడుగు జరిగెను. చేతులు మాత్రము ఊలు దాటలేదు. తలుపు మెల్లగా, తనంతట తాను తెరచుకొనెను. దుందుభులు మ్రోగలేదు గాని, లోపల లిఫ్టు ఒకసారి టింగుమనెను. ఊలక్క గడప దాటెను. ఎవరికిని థాంక్స్ చెప్పలేదు. ఏడుపు వచ్చునంత సంతోషము కలిగెను.

తలుపు మూసుకొనెను. వెలుపల బాబాయి, చేతుల నిండ ఊలు. మీట ఎదుట చేయి ఆడించిన చిక్కుపడునని భయము. తలుపు తోయుటకు చేయి లేదు. గాజుకు ఆవల, ఎవరైన తీయుదురా యని, ఆయన దీనముగా చూచుచు నిలిచెను. అట్లు నిలుచుట ఎట్లుండునో ఊలక్కకు బాగుగ తెలియును గనుక, ఎక్కువసేపు ఏడిపించక, లోపలి మీటకు చేయి చూపెను.

"రండి బాబాయ్, రండి!"

"థాంక్స్ తల్లీ," అని బాబాయి చేతులు చాచుకొని లోపలికి వచ్చెను.

"దానిదేముంది బాబాయ్," అని ఊలక్క విజేతలకే తగు గాంభీర్యముతో సెలవిచ్చెను.

ఇట్లు ఒక తలుపు తెరువబడెను. ఈ గాథ విన్నవారికి గాజు తలుపులన్నియు తమంతట తామే తెరచుకొనుగాక! పక్కన నిలిచిన దయామయుల చేతులకు, కాసేపు, ఊలు దొరకుగాక!