జములమ్మ ఇంట్లో కిరాయిదార్లు లేరు

ఆ బుధవారం పొద్దున ప్రభుదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు క్వార్టర్ల ఆఫీసు నుంచి విచారణకు మనిషి వస్తాడు. "కిరాయికి ఉంటున్నం సార్" అని ఒక్క మాట చెప్పాలి. ఆయన రాసుకుంటాడు, వెళ్ళిపోతాడు. పదకొండుకల్లా గద్వాల బస్టాండు పక్కనున్న తన సైకిల్ పంక్చర్ల కొట్టు తెరుచుకోవచ్చు.

ఆ ఒక్క మాట చెప్పడానికి అతడు మూడేళ్ళు ఆగాడు. సొంతిల్లు లేక కిరాయిళ్ళలో ఉంటున్నవాళ్ళకు తక్కువ కిరాయికి ఇస్తామని ఊరి చివర క్వార్టర్లు కట్టినప్పుడు, అంటే రెండువేల నాలుగులో, దరఖాస్తు పెట్టాడు. వెయిటింగ్ లిస్టులో రెండువందల పద్నాలుగో పేరు. నెలకోసారి ఆఫీసు గోడ దగ్గరికి వెళ్ళి, అంటించిన కాగితం మీద వేలు పెట్టి తన పేరు ఎంత పైకి జరిగిందో చూసుకునేవాడు. ఆ మూడేళ్ళలో కొందరు ఊరు వదిలి వలసపోయారు, కొందరు సొంతంగా ఇల్లు కట్టుకున్నారు, ఇద్దరు ముగ్గురు లోకమే విడిచిపోయారు. ఇప్పుడతడు పదకొండోవాడు. ఖాళీగా ఉన్నవి పన్నెండు క్వార్టర్లు.

అసలు ఈ ఆత్రమంతా అతడి భార్య రజితది. ఆమెకు కావలసింది రెండు గదులూ కాదు, వంటిల్లూ కాదు, ఒక గడియ. వాళ్ళుంటున్న గది తలుపుకు లోపల గడియ లేదు. ఎందుకు లేదంటే, ఆ గదిలో ఇంటామె జములమ్మగారి జొన్నల బస్తాలు నాలుగున్నాయి. జొన్నలు ఎవరికి ఎప్పుడు అవసరమౌతాయో ఎవరు చెప్పగలరు? జములమ్మ చేట పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేస్తుంది. వచ్చినామె ఊరికే పోదు. పొయ్యి మీది గిన్నె మూత తీసి, కూర రుచి చూసి, చిటికెడు ఉప్పు వేసి, వాళ్ళ మూడేళ్ళ కూతురు తేజస్వినిని చంకనేసుకుని పోతుంది. ఆమె చాలా మంచిది. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డ ఇంటామె అయితే పోట్లాడి గడియ బిగించుకోవచ్చు. మంచామెను ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? క్వార్టర్ సంగతి కూడా, ఆమె మనసు కష్టపెట్టుకుంటుందని, ఈ మూడేళ్ళూ చెప్పనే లేదు.

పది దాటిన పావుగంటకు ఆఫీసు మనిషి శ్రవణ్ కుమార్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పెళ్ళి కాలేదు, నిద్ర చాలదు. ఆ రెండూ చూడగానే తెలిసిపోతున్నాయి. గది చూశాడు, బస్తాలు చూశాడు, కాగితం తీశాడు.

ఆఫీసు కాగితాలు పట్టుకున్న మనిషి గుమ్మంలో కనిపిస్తే జములమ్మకు తట్టేది ఒక్కటే: ఇంటిపన్ను. గది కిరాయికిచ్చినట్టు తేలితే పన్ను పెంచుతారని ఆమెకు ఎవరో చెప్పారు. మజ్జిగ గ్లాసుతో హడావిడిగా వచ్చింది.

"అమ్మా, ఈళ్ళు మీ ఇంట్ల కిరాయికి ఉంటుండ్రా?" అన్నాడు శ్రవణ్ కుమార్.

"కిరాయా? ఏం కిరాయి సారూ? ఇంటి మనుషుల తాన ఎవరన్న కిరాయి తీసుకుంటరా? ఈడు నా కొడుకసొంటోడు. ఇగో, ఈ పిల్ల నా మనుమరాలు."

తేజస్విని సరిగ్గా అప్పుడే "అవ్వా" అంటూ ఆమె కొంగు పట్టుకుంది. జములమ్మ మాటల్లో పన్ను భయం పావలా, ప్రేమ ముప్పావలా. మొత్తం కలిపి శ్రవణ్ కుమార్ ఫారంలో "బంధువుల ఇల్లు" అని రాశాడు. అలా రాస్తే క్వార్టర్ రాదు. ప్రభుదాసు అతడి వెనకాలే వాకిట్లోకి పరుగెత్తాడు.

"సార్, ఆమె గట్లనే అంటది సార్. నెలనెలా మూడొందలు ఇస్తున్న."

"రసీదు ఉన్నదా?"

"లేదు సార్."

"ఎప్పుడన్న కొట్లాడిండ్రా?"

"లేదు సార్."

"మరి కిరాయిదార్లు ఎట్లయితరయ్యా? నేను వనపర్తి నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదాయె. ఈడ కిరాయికే ఉంటున్న. మా ఓనరు పొద్దున ఎనిమిదింటికే నల్లా బందువెడ్తడు. చెప్పులు బయట ఇడిస్తే కొట్లాట, లోపల ఇడిస్తే కొట్లాట. ఇంటామె సల్ల తెచ్చిచ్చే కిరాయిదారును నా సర్వీసుల సూడలే." ఈ మాటలంటూనే మజ్జిగ గ్లాసు ఖాళీ చేశాడు. "రేపు పన్నెండింటికి మల్లొస్త. అదే ఆఖరు. నాకు నమ్మకం కుదరాలె."

ఇక దాచి లాభం లేదు. విషయం విని జములమ్మ జొన్నల బస్తా మీద కూలబడింది.

"పోతరా? ఎందుకు బిడ్డా? నేనేం తక్కువ జేసిన?"

"ఏం లేదవ్వా. మిషన్ పెట్టుకొని బట్టలు కుట్టనీకి జాగ లేదు, అంతే" అంది రజిత. గడియ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రం జములమ్మ వాళ్ళ గదికి రాలేదు. కూర చప్పగా ఉంది.

మర్నాడు పొద్దున ఆమే వచ్చింది. "మూడేండ్లు ఎదురుసూస్తిరి. నా నోటితోని నేను చెడగొడ్తినా? ఏం జెయ్యాలెనో చెప్పుండ్రి. కిరాయిదార్లే అని చెప్పాల్నా?"

"నిన్న కొడుకంటివి. ఇయ్యాల కిరాయిదారంటే మేం నేర్పినమనుకుంటడు. ఆయన నమ్మాలంటే కొట్లాడాలె అవ్వా" అన్నాడు ప్రభుదాసు. "'గది ఖాళీ జెయ్యుండ్రి' అని గట్టిగ అరువు. ఏదీ, ఒకసారి అను."

"గది ఖాళీ జెయ్యుండ్రి... అన్నం తిన్నంక."

"అన్నం మాట ఒద్దవ్వా!"

"తిననీకి గూడ ఇయ్యకుండ ఎల్లగొట్టాల్నా? నేనేమన్న రాక్షసినా?"

నాలుగుసార్లు నేర్పితే అన్నం మాట పోయింది గానీ, "బిడ్డా" అనడం మాత్రం పోలేదు. సరే, ఉన్నంతలో కానిద్దామనుకున్నారు.

పదకొండూ ముప్పావుకు గల్లీ మొదట్లో తెల్లచొక్కా మనిషి కనిపించాడు. ప్రభుదాసు చేయి ఊపాడు. జములమ్మ "గది ఖాళీ జెయ్యుండ్రి!" అని అరిచింది. "నెలనెలా కిరాయి కడ్తలేమా?" అని రజిత అరిచింది. అంతటితో నేర్చుకున్న పాఠం అయిపోయింది. తెల్లచొక్కా ఇంకా సగం దూరంలోనే ఉంది. మధ్యలో ఆపితే బాగుండదని రజిత నోటికొచ్చింది అనేసింది. నోటికి వచ్చింది మాత్రం ఆరేళ్ళుగా గొంతులో ఉన్నదే.

"ఈ గదికి గడియన్న ఉన్నదా? ఎప్పుడు బడితే అప్పుడు చేట పట్టుకొని వస్తివి! పెండ్లయి ఆరేండ్లాయె, ఒక్కనాడన్న మొగడూ పెండ్లాం తలుపేసుకొని మాట్లాడుకున్నమా?"

జములమ్మ మొహం ఎర్రబడింది.

"నా జొన్నల కోసం నేనొచ్చుడు తప్పయ్యిందా? నేను ఉప్పేయకుంటే మీరు తినేది గడ్డి!"

"నువ్వేసిన ఉప్పుకు మా ఆయన రోజూ బిందెడు నీళ్ళు తాగుతుండు!"

చేట గాల్లోకి లేచింది. గల్లీ గల్లీ అంతా వాకిట్లోకి వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది ఆ తెల్లచొక్కా మనిషి. తీరా చూస్తే ఆయన శ్రవణ్ కుమార్ కాదు, రామచంద్రయ్య. పోస్ట్‌మన్‌గా రిటైరైనప్పటి నుంచీ ఆ వీధి తగవులన్నీ ఆయనే తీరుస్తాడు. ఐదు నెలలుగా ఎవరూ కొట్లాడక ఆయనకు ప్రాణం ఉసూరుమంటోంది.

"ఏం లేదు సారూ, ఉత్తగనే..." అంటూ ప్రభుదాసు అడ్డం వెళ్ళాడు.

"ఉత్తగ ఎవరూ చేట ఇసరరు. కూసో" అన్నాడు రామచంద్రయ్య.

ఇదంతా నాటకమని ఇరవైమంది ముందు ఎలా చెప్పడం? చెబితే ఆ మాట శ్రవణ్ కుమార్ కంటే ముందే క్వార్టర్ల ఆఫీసుకు చేరుతుంది. ప్రభుదాసు నోరు మూసుకుని కూర్చున్నాడు. పైగా ఇప్పుడది నాటకం కూడా కాదు. జములమ్మ నిజంగానే ఏడుస్తోంది. ఆమెను చూసి రజిత నిజంగానే ఏడుస్తోంది. రామచంద్రయ్య పరమానందంగా తెల్లకాగితం తెప్పించి, తీర్పు రాసి, పైకి చదివాడు.

"ఒకటి, జములమ్మ ఈ కుటుంబమును ఎన్నడునూ ఖాళీ చేయమనరాదు. రెండు, సొంత బిడ్డల వలె చూసుకొన్నందున ఇక మీదట కిరాయి తీసుకొనరాదు. మూడు, తలుపునకు వెంటనే గడియ బిగించవలెను."

"గడియ కావాలని ఒక్కసారి అడిగితే ఇయ్యనా బిడ్డా?" అంటూ జములమ్మ రజితను కావలించుకుంది. సరిగ్గా అప్పుడే శ్రవణ్ కుమార్ బండి వచ్చి ఆగింది.

"మంచిగొచ్చినవు. సదువుకున్నోని లెక్కున్నవు, సాక్షి సంతకం పెట్టు" అని రామచంద్రయ్య కాగితం అతడి చేతిలో పెట్టాడు.

ప్రభుదాసు కళ్ళు మూసుకున్నాడు. ఎన్నడూ ఖాళీ చేయనక్కరలేదట, కిరాయి కట్టనక్కరలేదట. ఇక ఏ దేవుడు దిగివచ్చినా క్వార్టర్ రాదు. మళ్ళీ రెండువందల పద్నాలుగు నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకునే ఓపిక అతడికి లేదు.

శ్రవణ్ కుమార్ కాగితం రెండుసార్లు చదివాడు. కావలించుకుని ఏడుస్తున్న ఆడవాళ్ళను చూశాడు. తర్వాత వాకిట్లో ఉన్న నల్లా దగ్గరికి వెళ్ళి తిప్పాడు. మిట్టమధ్యాహ్నం నీళ్ళు ధారగా వచ్చాయి.

"అమ్మా, ఇది ఎంతసేపు వస్తది?"

"బోరు నల్లా సారూ. ఎప్పుడు తిప్పితే అప్పుడొస్తది."

"చెప్పులు ఏడ ఇడవాలె?"

"నీకేడ ఇష్టముంటె ఆడ ఇడువు. ఇదేం అడుగుడు?"

శ్రవణ్ కుమార్ ఫారం తీసి "బంధువుల ఇల్లు" కొట్టేశాడు. "కిరాయి" అని పెద్ద అక్షరాలతో రాశాడు. "పదిమందిల పంచాయితీ దాంక వచ్చిందంటే ఓనరు, కిరాయిదార్లే. నాకు నమ్మకం కుదిరింది" అన్నాడు. తర్వాత జములమ్మ వైపు వంగి, గొంతు తగ్గించి, "ఈళ్ళు పోయినంక ఈ గది ఎవరికన్న మాటిచ్చినవా అమ్మా?" అని అడిగాడు.

"మరి నా కాగితం?" అన్నాడు రామచంద్రయ్య, తీర్పు వృథా అవుతోందన్న బాధతో.

"జర పైలంగ దాచిపెట్టుండ్రి సార్" అన్నాడు శ్రవణ్ కుమార్.

నెల తిరక్కుండా ప్రభుదాసు క్వార్టర్‌లో చేరాడు. మొదటిరోజు రజిత గడియ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. నాలుగోరోజు పొద్దున ఎవరో తలుపు తట్టారు. తీస్తే బయట జములమ్మ, ఆమె వెనక ఆటోలో ఒక జొన్నల బస్తా. "ఆ గదిల ఒంటరి మొగపిలగాడు ఉంటుండు. దినాం నేనెట్ల పోత? ఇదొక్కటి నీ కాడ ఉండనీ" అంది. తలుపు తీసేదాకా ఆమె బయటే నిలబడి ఉందని తలచుకునేసరికి రజితకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చేయి పట్టి లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి మీది గిన్నె మూత తీసి, ఉప్పుడబ్బా ఆమె చేతికిచ్చింది.

శ్రవణ్ కుమార్ ఆ గదిలో ఏడాదిపాటు హాయిగా ఉన్నాడు. తర్వాత అతడికి పెళ్ళి కుదిరింది. రామచంద్రయ్య తీర్పులోని మూడో షరతు ఎవరూ అమలు చేయలేదనీ, గదిలో ఇంకా మూడు బస్తాలున్నాయనీ అప్పుడు గమనించాడు. గడియ అడుగుదామంటే నోరు రాలేదు. జములమ్మ నొచ్చుకుంటుందని ఆమెకు చెప్పకుండానే ఉద్యోగుల క్వార్టర్‌కు దరఖాస్తు పెట్టాడు. విచారణకు పైఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. జములమ్మ మజ్జిగ గ్లాసుతో ఎదురెళ్ళింది.

"కిరాయా? ఏం కిరాయి సారూ? ఈడు నా కొడుకసొంటోడు."

వచ్చినాయన మజ్జిగ తాగి, "బంధువుల ఇల్లు" అని రాసుకుని వెళ్ళాడు.